ఫంక్షన్ హాలు తోటలో మిరప తొడిమలు

2023 మే 14, ఆదివారం. మధ్యాహ్నం భోజనాలు అయ్యాక. నరసరావుపేట శివారులో ఒక ఫంక్షన్ హాలు, తోట పక్కనున్న వరండా.

హాజరైనవారు: హాలు యజమాని ఆంజనేయులు గారు. పెళ్ళికొడుకు మేనమామ, భీమవరం వైపు నుంచి వచ్చినవారు, ముఖం మీద తడి తువ్వాలు. టైల్స్ మేస్త్రి వీరయ్య, చేతిలో కొలతల టేపు. మా ట్రాలీ ఆటో డ్రైవరు సైదులు. మా తోటపని ముఠాకు పెద్ద కోటమ్మ, ఆమె వెనక మెట్ల మీద ముఠాలో మిగిలిన ఆడవాళ్ళు. నేను, అంటే తోట కాంట్రాక్టరు ఖాసింని.

హాజరు కానివారు: పెళ్ళికొడుకు. కళ్ళు కడుక్కుంటున్నాడు.

చర్చకు వచ్చిన విషయం ఒక్కటే. తోట ఉంచాలా, తీసేసి టైల్స్ పరచాలా.

ఆ రోజు డైరీలో ఇలా రాసుకున్నాను. చదువుకునే రోజుల నుంచి నాకు డైరీ అలవాటు. నా డైరీల్లో ఎక్కువ భాగం వాన పడిందా లేదా అన్నదే ఉంటుంది. ఎక్కువసార్లు లేదనే ఉంటుంది. ఇప్పుడు పని మానేశాను. ఈ పనిలోకి కొత్తగా వస్తున్న కుర్రవాళ్ళు, అమ్మాయిలు కొందరు వచ్చి, తక్కువ నీళ్ళతో బతికే తోటలు ఎట్లా వేయాలో చెప్పమంటున్నారు. మొక్కల పేర్లు, డ్రిప్పు పైపుల సైజులు ఫోనులో దొరుకుతాయి. నేను చెప్పగలిగింది ఆ పెళ్ళి గురించి, దానికి ముందు జరిగిన కొన్ని పనుల గురించి.

గడ్డి, జూన్

నేను పని నేర్చుకున్నది హనుమంతరావు గారి నర్సరీలో. పత్తి మిల్లుల యజమానుల ఇళ్ళు, కాలేజీలు, ఆస్పత్రులు ఆయన ఖాతాలో ఉండేవి. మంచి మనిషి. లాన్‌కు మిట్టమధ్యాహ్నం ఎండలో నీళ్ళు పెట్టించేవారు. ఆ వేళ పెట్టిన నీళ్ళు చాలావరకు గాలికి పోతాయని ఆయనకు తెలుసు. ఒకసారి అడిగాను.

"తెల్లారుజామున పెడితే ఎవడు చూస్తాడురా? మధ్యాహ్నం పెడితే యజమాని కిటికీలోంచి చూస్తాడు. పాపం, ఎండన పడి చేస్తున్నారు అనుకుంటాడు" అన్నారు.

మా పని వానలతో మొదలయ్యేది. జూన్‌లో లాన్ వేసేవాళ్ళం. శివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్ళకు ప్రభలు బయల్దేరాయంటే మా పారలు, కత్తెరలు షెడ్డులోకి వెళ్ళేవి. ఎండలు ముదిరితే బోర్లు తగ్గేవి, గడ్డి చచ్చేది. మళ్ళీ జూన్‌లో అదే చోట కొత్త గడ్డి పరిచేవాళ్ళం. ఒక ఏడాది ఎందుకో ఒక కాలేజీ లాన్ మే నెలాఖరుకు కూడా పచ్చగానే ఉంది. శుభవార్త కదా అని పరుగున వెళ్ళి చెప్పాను. హనుమంతరావు గారు ముఖం మాడ్చుకున్నారు.

"ఒరేయ్ ఖాసిం, గడ్డి చస్తేనేరా మనకు జూన్" అన్నారు.

సొంతంగా కాంట్రాక్టులు పట్టుకున్నాక నేనూ చాలా ఏళ్ళు అదే జూన్ మీద బతికాను. అందరూ అట్లాగే బతికారు. అందుకే కొత్తవాళ్ళకు నేను మొదట చెప్పేది ఇది. ఏ తోట ఒప్పుకున్నా, ఆ తోట చస్తే బాగుపడేది ఎవరో కనుక్కోండి. అది మీరే అయితే, నీళ్ళ పొదుపు మీద ఎన్ని శిక్షణ తరగతులకు వెళ్ళివచ్చినా మీ చేతులు మాట వినవు.

కోటమ్మ దగ్గు

కోటమ్మది గురజాల వైపు పల్లె. మొగుడు క్వారీలో పని చేసేవాడు. ఆమె సున్నపు బట్టీలో పని చేసి, ఆ పొడికి దగ్గు పట్టుకుని, ఒక వానాకాలం మా దగ్గర చేరింది. మట్టి పనిలో పడ్డాక దగ్గు తగ్గింది. శివరాత్రి తర్వాత మా దగ్గర పని లేదు కాబట్టి మళ్ళీ బట్టీకి వెళ్ళింది. జూన్‌లో దగ్గుకుంటూ వచ్చింది. ఆ తర్వాత ఏటా ఇదే వరస. కొత్త గడ్డి చుట్టలు, కోటమ్మ దగ్గు ఒకే వారంలో మా షెడ్డుకు చేరేవి. గడ్డి వేరు పట్టేసరికి దగ్గు తగ్గేది.

నేను చెబుతున్న పెళ్ళికి ముందటి చలికాలంలో ఆమె నరసరావుపేటలో డాక్టరుకు చూపించుకుని వచ్చింది.

"ఏమన్నాడు కోటమ్మా?" అని అడిగాను.

"ఇంకో ఎండాకాలం బట్టీకి పోతే ఆ దగ్గు నా కాడికి తీసుకురావద్దన్నాడు."

"మరి ఏం చేస్తావు?"

"డాక్టర్ని మారుస్తా."

ముఠా అంతా పడీపడీ నవ్వింది. నేను నవ్వలేదని ఆమె గమనించింది.

"ఏంది సాయిబు గారూ అట్టా చూస్తావు? ఎండాకాలం నువ్వు పనిస్తే బట్టీ మొహం చూసేదెవరు?"

చచ్చిన గడ్డికి కాపలా పెట్టలేం.

భూమికి మేలు చేయాలని, నీళ్ళు మిగల్చాలని నేను ఈ దారిలోకి వచ్చానని మీటింగుల్లో నన్ను పరిచయం చేసేవాళ్ళు చెబుతుంటారు. నేను సరిదిద్దను, శాలువా తీసుకుంటాను. అసలు సంగతి ఇంత. ఎండాకాలంలో బతికి ఉండే తోట ఒకటి ఉంటే దానికి ఎండాకాలంలో మనిషి కావాలి. ఆ మనిషి కోటమ్మ అయితే ఆమె బట్టీకి వెళ్ళనక్కర్లేదు. మిగతా మేలు దాని వెనకే వచ్చింది.

పులి

ఆంజనేయులు గారు మిరప కమీషన్ వ్యాపారంలో ఉండి, తర్వాత ఫంక్షన్ హాలు కట్టారు. హాలు ముందు పెద్ద లాన్. దాన్ని ఏటా పరిచేది మేమే. చలికాలం పోకుండానే బోరు నీళ్ళ బదులు గాలి కొట్టేది. అక్కడి నుంచి ట్యాంకర్లు.

ఆయనకు రెండో బాధ కోతులు. పెళ్ళయిన మర్నాడు పొద్దున గోడ దూకి వచ్చి, మిగిలిన అరటిపళ్ళు తిని, మొక్కలు పీకి, పందిరి గుడ్డలు చించి పోయేవి. ఎవరో చెప్పారని ఆయన ఒక పెద్ద పులిబొమ్మ కొనుక్కొచ్చి గోడ మీద కూర్చోబెట్టించారు. కోతులు మొదటిరోజు దూరం నుంచి చూశాయి. మర్నాడు దగ్గర నుంచి చూశాయి. ఆ మర్నాడు పులిని వాటర్ ట్యాంకు మీదికి ఎక్కించుకుపోయాయి. అప్పటి నుంచి పులి అక్కడే ఉంటోంది. కోతిపిల్లలు దానికి ఆనుకుని నిద్రపోతాయి.

పెళ్ళి జరిగిన ఏడు, సంక్రాంతి వెళ్ళాక ఆయన నన్ను పిలిపించారు.

"ఖాసిం భాయ్, ఇక లాన్ వద్దు. మొత్తం టైల్స్ పరిపిస్తా. ట్యాంకర్ల గోలా ఉండదు, కోతులకు పీకటానికి మొక్కా ఉండదు."

"ఒక్క ఎండాకాలం నాకు వదలండి. ఫోటోలు తీసుకునే చోట కాస్త ఉంచి, మిగతా లాన్ తీసేసి తక్కువ నీళ్ళతో బతికే మొక్కలు పెడతాను. జూన్ దాకా ట్యాంకరు లేకుండా తోట బతికితే మా ముఠాకు ఏడాది పొడుగునా పని ఇవ్వండి. చస్తే టైల్స్ వేయించుకోండి" అన్నాను.

"సరే. కానీ పెళ్ళివాళ్ళలో ఏ ఒక్కడు వంక పెట్టినా ఆ రోజే వీరయ్యకు ఫోన్ చేస్తా" అన్నారు.

ఆ మాట కోటమ్మకు చెప్పాను. బట్టీ మేస్త్రికి ఈ ఏడు వస్తానని గానీ రానని గానీ చెప్పకుండా ఆగింది.

పనికొచ్చినవి, రానివి

లాన్ తీసిన చోట నందివర్ధనం, గన్నేరు, బిళ్ళగన్నేరు పెట్టాం. అతిథులు చేతులు కడిగిన నీళ్ళు మురుగులోకి పోకుండా ఒక గుంతలోకి మళ్ళించి, అక్కడి నుంచి మొక్కలకు వదిలాం. మొదట్లో ఆ నీళ్ళతో పాటు సాంబారు కూడా వచ్చేది. తోటలో చీమలు బాగా పెరిగాయి. గుంతకు ముందు జల్లెడ, ఇసుక పెట్టాక నీళ్ళు కొంత నీళ్ళలాగా వచ్చాయి.

బిళ్ళగన్నేరు మీద ఆంజనేయులు గారికి, నాకు వాదన జరిగింది.

"సమాధుల కాడ పూసేదాన్ని పెళ్ళి హాల్లో పెడతావేందయ్యా?"

"నీళ్ళు లేకపోయినా పూస్తుందండీ."

"సమాధుల కాడ నీళ్ళెవరు పోస్తారు? నేను చెప్పేదీ అదే!"

కోటమ్మ కలుపు తీస్తూ తల ఎత్తకుండానే అంది. "పువ్వును చూసి పెళ్ళి మానుకున్నోళ్ళు ఎవురూ లేరులే షావుకారు గారూ. మానుకునేవాళ్ళు మొగుణ్ణి చూసి మానుకుంటారు." ఆయన నవ్వేశారు. మొక్క నిలిచింది.

దారులకు మాచర్ల వైపు నాపరాయి పాలిష్ పట్టేచోట విరిగిన ముక్కలు తెచ్చి పరిచాం. అది మంచి పని. అక్కడితో ఆగితే బాగుండేది. రాయి ముక్కలు ఇచ్చినవాళ్ళు పాలిష్ బురద కూడా ఊరికే ఇస్తామన్నారు. పల్లం పూడుస్తుంది కదా అని తెచ్చి మట్టిలో కలిపాం. అది ఎండితే సున్నపురాయి పొడే. ఆ మడిలో ఆకులు పసుపు పచ్చగా తిరిగాయి. మళ్ళీ తవ్వి బయట పోశాం. ఊరికే దొరికే ప్రతిదాని గురించీ, అవతలివాడు దాన్ని ఎందుకు వదిలించుకుంటున్నాడో ముందు కనుక్కోవాలని నాకు అప్పుడు తెలిసింది.

ఈ పాఠం తలకెక్కిన కొద్ది రోజులకే మిరప తొడిమలు తెచ్చాం.

తొడిమలు

ఎండాకాలంలో మట్టిని ఒట్టిగా వదిలితే పోసిన నీళ్ళు సాయంత్రానికి ఉండవు. పైన ఏదో ఒకటి కప్పాలి. ఎండుగడ్డి పశువులకు పోతుంది. కొబ్బరి పీచు మా వైపు దొరకదు. పత్తి మిల్లు చెత్తను అంతకుముందు ఒక ఇంటి తోటలో వాడి చూశాం. అందులో గింజలు ఉండిపోయి వానకు మొలిచాయి. దారిన పోయే రైతులు గేటు దగ్గర ఆగి, ఏ రకం వేశారని ఇంటివాళ్ళను అడిగేవాళ్ళు.

తొడిమల సంగతి తెచ్చింది సైదులు. తోట పని లేని రోజుల్లో వాడు కోల్డ్ స్టోరేజీలకు మిరప టిక్కీలు, అంటే కాయల బస్తాలు, తోలతాడు. అక్కడ ఆడవాళ్ళు కాయల నుంచి తొడిమలు తీసి వేరే కుప్ప పోస్తారు. ఆ కుప్ప ఎవరికీ అక్కర్లేదు.

"సాయిబు గారూ, లోడు ఎత్తుకుపోతే దండం పెడతామంటున్నారు" అన్నాడు.

"మొక్కకు ఏమన్నా అవుతుందేమో" అన్నాను.

"మిరప చెట్టుకు పడ్డ తొడిమ ఈ చెట్లకు పడదా ఏంది? అదీ చెట్టు కాడే కదా" అంది కోటమ్మ.

"చెదలు కూడా రావు. కారానికి" అన్నాడు సైదులు.

ఆంజనేయులు గారిని అడిగాం. ఆయన గుప్పెడు తొడిమలు తీసుకుని వాసన చూసి, "మంచి సరుకు నుంచి తీసినయ్యే" అన్నారు. అది ఒప్పుకోలు.

ఆ తర్వాత ఎన్నోసార్లు ఆలోచించాను. అక్కడున్న ఏ ఒక్కరికీ తుమ్ము రాలేదు. సైదులు టిక్కీల మీద పడుకుని నిద్రపోతాడు. కోటమ్మ ముఠాలో సగం మంది తొడిమలు తీసే పనికి వెళ్ళినవాళ్ళే. ఆంజనేయులు గారు యార్డులో మిరప గుట్టల మధ్య కుర్చీ వేసుకుని కాఫీ తాగినవారు. నేను పుట్టిన వీధిలో వీధంతా మిరపకాయలు ఎండబోసేవాళ్ళు. దాని మంచిచెడ్డలు తేల్చడానికి కూర్చున్న మా అందరి ముక్కులూ ఎప్పుడో పని మానేశాయి. మొక్కకు మంచిదా అని నాలుగు వైపుల నుంచి ఆలోచించాం. మనిషికి మంచిదా అని ఆలోచించాలంటే ఆ ఆలోచించేవాడు వేరే జిల్లా వాడై ఉండాలి.

పరిచింది మూఢంలో, పెళ్ళిళ్ళు లేని రోజుల్లో. రోజూ పొద్దున్నే, బోరులో రాత్రంతా ఊరిన కాసిని నీళ్ళు పడేవి కాబట్టి తొడిమలు తడిగా అణిగి ఉండేవి. మట్టి చల్లగా ఉండేది. కలుపు రాలేదు. గన్నేరు పూసింది. మే నెల వచ్చినా ట్యాంకరు పిలవలేదు. ఆంజనేయులు గారు తోటలో తిరిగి, ఏమీ అనకుండా లోపలికి వెళ్ళిపోయేవారు. ఆయన దగ్గర పని చేసినవాళ్ళకు అది మెచ్చుకోలని తెలుసు.

కోటమ్మ ఆ రోజుల్లో దగ్గలేదు.

పెళ్ళి

మూఢం పోయాక తోటలో పందిరి వేసిన మొదటి పెళ్ళి అది. అమ్మాయిది నరసరావుపేట, అబ్బాయిది భీమవరం వైపు. హాలుకు ఒక నియమం ఉంది. పెళ్ళికి రెండు రోజుల ముందు తోటకు నీళ్ళు ఆపాలి. లేకపోతే పట్టుచీరల అంచులకు బురద అంటుతుంది. మేమూ ఆపాం. ఆ ఎండకు తొడిమలు పెళపెళ ఎండాయి. పెళ్ళివారు ఉక్కపోతకు భయపడి, మనిషెత్తు ఫ్యాన్లు తెప్పించి పందిరి చుట్టూ పెట్టించారు. గాలి తోట మీదుగా పందిరిలోకి వచ్చేట్టు తిప్పారు. పచ్చని చెట్ల మీద నుంచి వచ్చే గాలి చల్లగా ఉంటుందని ఎవరో సలహా ఇచ్చారట.

మొదట సన్నాయి ఆగింది. సన్నాయి ఆయన దాన్ని నోట్లోంచి తీసి తుమ్మి, మళ్ళీ పెట్టి, మళ్ళీ తీశాడు. డోలు ఆయన ఒక్కడే చాలాసేపు నెట్టుకొచ్చాడు. తర్వాత మగపెళ్ళివారి వైపు వరసల్లో దగ్గు మొదలైంది. ఆడపెళ్ళివారి వైపు ఎవరికీ ఏమీ కాలేదు. వాళ్ళు అటు తిరిగి, వీళ్ళకు జలుబులేమో అనుకున్నారు.

జీలకర్ర బెల్లం వేళకు పెళ్ళికొడుకు కళ్ళ నుంచి ధారగా నీళ్ళు కారుతున్నాయి. పెళ్ళికూతురు చక్కగా ఉంది. అతని వంక కొంచెం వింతగా చూస్తోంది.

"అట్టాగే ఉండండి సార్, చాలా సహజంగా వస్తోంది" అన్నాడు వీడియో తీసేవాడు.

"అబ్బాయిది ఎంత మెత్తటి మనసే! మనవాళ్ళలో ఒక్కడన్నా ఏడ్చాడా?" అంది అమ్మాయి పెద్దమ్మ పక్కావిడతో.

పెళ్ళికొడుకు మేనమామ లేచి వచ్చి ఆంజనేయులు గారిని పట్టుకున్నాడు. "ఏంటండీ బాబూ ఇదీ? మీ వైపు కూరల్లో కారం ఎక్కువేస్తారని చెప్పారు గానీ, గాలిలో కూడా వేస్తారని చెప్పలేదండీ!"

అనుమానం వంటశాల మీదికి పోయింది. ఎండుమిరపకాయలు మాడ్చారని వంటమేస్త్రిని కేకలేశారు. ఆయన గరిటెతో సహా వచ్చి, తాను పాయసం దగ్గర తప్ప ఇంకెక్కడా లేనని, కావాలంటే గరిటె నాకి చూడమని అన్నాడు. అప్పుడు పందిరి పక్కన నిలబడ్డ సైదులు కాలు ఎత్తి తొడిమల మీద వేశాడు. ఎర్రటి పొగలాంటిది లేచి, ఫ్యాను గాలికి వంగి, తిన్నగా పెళ్ళిపీటల మీదికి పోయింది.

వాడు నా పక్కకు వచ్చి మెల్లిగా అన్నాడు. "సాయిబు గారూ, ఇది మనదే."

నేను కోటమ్మ వంక చూశాను. కోటమ్మ ట్యాంకు మీద పులి వంక చూస్తోంది.

ఫ్యాన్లు ఆపించాను. పైపు తీసి తొడిమలు తడిపించాను. కారం అణిగింది. బురద లేచింది. భోజనాల వేళకు పట్టుచీరలన్నీ మోకాలిదాకా ఎత్తి పట్టుకుని నడిచాయి.

మళ్ళీ వరండా

ఆ మధ్యాహ్నమే ఆంజనేయులు గారు వీరయ్యకు ఫోన్ చేశారు. మొదట్లో చెప్పిన మీటింగు అదే.

"నేనేమన్నా భాయ్? ఏ ఒక్కడు వంక పెట్టినా అన్నానా లేదా? ఇయ్యాల ఒక్కడు కాదు, ఒక బస్సు మంది పెట్టారు."

"అన్నారండీ" అన్నాను.

కోటమ్మ మెట్ల మీద నుంచి లేచి ముందుకు వచ్చింది. "షావుకారు గారూ, తోట చస్తే టైల్స్ అన్నావు. చచ్చిందా?"

"చావలా. చంపబోయింది."

"వాళ్ళు వంక పెట్టింది తొడిమకి, మొక్కకి కాదు. పొద్దున్నే వచ్చి తొడిమలన్నీ ఎత్తేస్తాం."

"ఎత్తెయ్యండి. ఎత్తేశాక వీరయ్య టైల్స్ వేస్తాడు."

మేనమామ తువ్వాలు కొంచెం పక్కకు తీశాడు. "మావాడి కళ్ళు తగ్గితే చాలండి, మాకు టైల్స్‌తో పనేం లేదండి. అన్నట్టు ఆ గులాబీరంగు పూల మొక్కేంటండీ? ఇంత ఎండలో అలా పూసేస్తోంది?"

"బిళ్ళగన్నేరు" అన్నాను.

"రెండు మొక్కలిప్పించండి, చెరువు గట్టు మీద వేసుకుంటాను."

సైదులు రెండు మొక్కలు తవ్వి కవరులో పెట్టి ఇచ్చాడు. ఆంజనేయులు గారు అదంతా చూస్తూ కూర్చున్నారు గానీ మాట మార్చలేదు. ఆయనది అన్యాయమని నేను అనను. నేనే ఒప్పుకున్న షరతు అది. నిర్ణయం అని డైరీలో రాశాను: రేపు ఉదయం వీరయ్య కొలతలు తీస్తాడు.

గేటు దగ్గర కోటమ్మ నాతో అంది. "ఇంకా నెల ఉంది ఎండాకాలం. బట్టీ మేస్త్రికి ఎల్లుండి నుంచి వస్తానని చెప్తా."

"డాక్టరు వద్దన్నాడు కదా."

"ఆయన మాట బట్టీ దాకా వినపడదులే సాయిబు గారూ."

అక్కడే నిలబడి ఫోన్ చేసి, వస్తానని చెప్పింది. ఫోన్ పెట్టేశాక కాసేపు దగ్గింది. అది మిరప దగ్గు కాదు. మిరప ఆమెను ఏమీ చేయదు.

మర్నాడు పొద్దున

ఎండ రాకముందే ముఠా వచ్చింది. మూతులకు తడిగుడ్డలు కట్టుకుని, పందిరి వైపు నుంచి తొడిమలు గంపలకు ఎత్తడం మొదలుపెట్టారు. వీరయ్య తన మనిషితో వచ్చి, మేకులు, దారం బయటకు తీశాడు. ఆంజనేయులు గారు వరండాలో కుర్చీ వేసుకుని టీ తాగుతున్నారు. గోడవైపు ఇంకా తొడిమలు ఎత్తలేదు. అటు మడి మధ్యలో, పెళ్ళివారు వదిలేసిన అరటిగెల ఒకటి స్తంభానికి ఆనించి ఉంది. రాత్రి అంతా అది అక్కడే ఉండిపోయింది.

కోతులు వచ్చాయి. ఎప్పటిలాగే గోడ పొడుగునా కూర్చున్నాయి.

ముందుగా పెద్ద మగకోతి దిగింది. నాలుగడుగులు వేసి ఆగింది. చెయ్యెత్తి అరచెయ్యి చూసుకుంది. ఆ చెయ్యితో ముక్కు రుద్దుకుంది. అది పొరపాటు. కళ్ళు రుద్దుకుంది, అది ఇంకా పెద్ద పొరపాటు. తుమ్మి, వెనక్కి తిరిగి, ఒక్క దూకుతో గోడ ఎక్కి, మాకు వీపు పెట్టి కూర్చుంది. మిగిలినవి దాని ముఖం దగ్గరికి వచ్చి చూశాయి. ఒక్కటీ దిగలేదు. అరటిగెల అక్కడే ఉంది.

తోటలో అందరం పని ఆపాం.

"కొలత తీయమంటారా అండీ?" అన్నాడు వీరయ్య.

"ఆగు" అన్నారు ఆంజనేయులు గారు.

ఆయన చేతిలో టీ చల్లారిపోయింది. కోతులు చాలాసేపు గెల వంక చూశాయి. చివరికి ఒకటొకటే లేచి, గోడ అవతలికి దిగి, పక్క కాంపౌండులోకి పోయాయి. అక్కడెవరో కేకలు పెట్టడం వినపడింది. ఆంజనేయులు గారు ఆ కేకలు పూర్తిగా విన్నారు. అప్పుడు కుర్చీలోంచి లేచారు.

"ఖాసిం భాయ్, పందిరి వేసే వైపు తొడిమలు తీసెయ్యి. అటు ఎండుటాకు పరిచెయ్యి. గోడ పొడుగునా మాత్రం తొడిమలు ఉంచు."

"టైల్స్ అండీ?"

"వంటశాల వెనక చానా బురదగా ఉంటోంది. అక్కడ వేయి వీరయ్యా."

కోటమ్మ మూతిగుడ్డ కిందికి లాగింది. "గోడ పక్కన రోజూ ఎవురు సర్దుతారు షావుకారు గారూ? గాలికి కొట్టుకుపోతయ్యి."

"నువ్వే."

"ఎండాకాలం కూడానా?"

"కోతులకి ఎండాకాలం సెలవులున్నయ్యా?" అన్నారాయన.

కోటమ్మ గంప కింద పెట్టి, కొంగుకు చేతులు తుడుచుకుని, ఫోన్ తీసింది.

"అన్నా, నేను కోటమ్మని. నిన్న వస్తానన్నాను కదా, రావట్లా... ఈ ఏడే కాదు, ఇంక రాను... ఏం లేదన్నా. ఇక్కడ కోతుల పనుంది."